ఆరువందల పదకొండున్నర

"ఆ షెడ్డులో ఉన్నది కారు కాదు, నా సవతి" అనేది అత్తగారు, ఇంటికి వచ్చిన ప్రతి చుట్టంతోనూ. ఆవిడ బాధ ఆవిడది. తొమ్మిదేళ్ళుగా మొగుడు తెల్లారి లేచి సరాసరి ఆ షెడ్డులోకే పోతుంటే ఏ పెళ్ళామైనా ఇంకేమంటుంది? తాళం తీసి, రేకు తలుపు కిర్రుమనిపించి, ముందు దాని మూతి మీద చెయ్యి వేసి "ఎలా ఉన్నావే?" అని పలకరించాకే ఆయనకి ఇంట్లో టీ అడగాలని గుర్తొచ్చేది.

మామగారిని ఊరంతా కాటా మేస్త్రి అనేవారు. కొట్లలో బల్ల మీద పెట్టుకునే చిన్న కాటాలు మొదలుకొని లారీని లారీగా తూచే పెద్ద కాటాల దాకా, నలభై ఏళ్ళు తూకం మిషన్లు బాగుచేసిన చెయ్యి ఆయనది. ఆ ఉద్యోగం ముగింపుకి వస్తుండగా, అందరిలా పేపరు చదువుకుంటూ కూర్చోవచ్చు కదా, అబ్బే! ఇనప గొట్టాలు కోసి, అతికి, రెండే సీట్లున్న స్పోర్ట్స్ కారు ఒకటి కట్టడం మొదలుపెట్టారు. నాలుగేళ్ళయ్యేసరికి దానికి నాలుగు చక్రాలు వచ్చాయి గానీ నాలుగూ నాలుగు దిక్కులు చూసేవి.

అప్పుడు వచ్చింది కోడలు. పెళ్ళిచూపులకని వీళ్ళింటికి వచ్చినప్పుడు షెడ్డు తలుపు తీసి ఉంది. ఆ పిల్ల అటు ఓ చూపు చూసి, "ముందు చక్రాలు రెండూ లోపలికి చూస్తున్నాయండీ, టైర్లు నెల్లాళ్ళు కూడా రావు" అనేసింది. ఆమెకి వీల్ అలైన్‌మెంట్ షాపు ఉంది మరి. పెళ్ళికొడుకు, అంటే ఆయన కొడుకు, బడిలో లెక్కల మేష్టారు, ఇంకా నోరు విప్పనే లేదు. మామగారు మాత్రం ఆ క్షణమే ఈ సంబంధం ఖాయం చేసేశారు. "మా ఆయన కోడల్ని తెచ్చుకోలేదు, మెకానిక్కుని తెచ్చుకున్నారు" అని అత్తగారు ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఆ తర్వాత ఐదేళ్ళూ మామా కోడళ్ళదే ఆ షెడ్డు. భర్త స్పానరు పట్టుకుంటే వేలు నలగ్గొట్టుకునే రకం కాబట్టి అతన్ని గుమ్మం దగ్గరే ఆపేశారు. కోడలికి తండ్రి ఊహ తెలియకముందే పోయాడు. షాపు పెట్టినప్పుడు ఆడపిల్లకి గ్రీజు పనేమిటని చుట్టాలందరూ మూతులు తిప్పినవాళ్ళే. పన్నెండో నంబరు స్పానరు అడిగితే ఇంకేమీ అడక్కుండా చేతిలో పెట్టిన మొదటి మనిషి మామగారు. ఆయనంటే ఆమెకు ప్రాణం. దాచడానికేముంది ఇందులో!

ఇక అసలు సంగతికొస్తాను. ఊరి బయట విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే ఒకటి ఉంది. ఇళ్ళలో కార్లు కట్టుకునే పిచ్చివాళ్ళందరూ ఏడాదికి రెండుసార్లు అక్కడ చేరి, వరసగా పెట్టిన రబ్బరు కోన్‌ల మధ్య కార్లని మెలికలు తిప్పుతూ, ఎవరు ఎన్ని సెకన్లలో వచ్చారో చూసుకుంటారు. తొమ్మిదేళ్ళూ మామగారు తీగ కంచె అవతల నిలబడి చూశారు. ఈసారి మాత్రం కారు తయారైంది. నడిపేవారి పేరు దగ్గర తన పేరే రాసిచ్చి వచ్చారు. ఆ రోజుకి ముందు ఇంకా ఆరు ఆదివారాలున్నాయి.

మిగిలిందల్లా తూకం. దాని గొడవ కొంచెం చెప్పాలి. హోటల్లో బల్ల ఊగడం అందరూ చూసే ఉంటారు. నాలుగు కాళ్ళూ నేల మీదే ఉన్నట్టుంటాయి గానీ బరువంతా ఎదురెదురు మూలల రెండు కాళ్ళే మోస్తుంటాయి. కారూ అంతే. ముందు ఎడమ, వెనక కుడి ఒక జోడీ. ముందు కుడి, వెనక ఎడమ ఇంకో జోడీ. రెండు జోడీల బరువూ సమానంగా లేకపోతే బండి ఒక పక్కకి చక్కగా తిరుగుతుంది, రెండో పక్కకి తిరగమంటే మొండికేస్తుంది. ప్రతి చక్రం దగ్గరా స్ప్రింగు కింద మర ఉన్న పెద్ద నట్టు ఉంటుంది. దాన్ని అటో ఇటో తిప్పి జోడీలని సమానం చేయాలి.

ఇదంతా నడిపే మనిషి సీట్లో కూర్చున్నప్పుడే చేయాలి. మనిషి లేకుండా చేస్తే ఒంటికి పట్టించకుండా చొక్కా కుట్టినట్టే. అందుకని మామగారు నీళ్ళ గొట్టంతో నేల మట్టం చూసి, తన సొంత కాటాలు నాలుగు చక్రాల కింద పెట్టి, సీట్లో ఎక్కి, స్టీరింగు పట్టుకుని కూర్చునేవారు. "ఊపిరి కూడా మెల్లగా పీల్చండి మామయ్యా" అని నేల మీద పడుకుని నట్లు తిప్పేది కోడలు. అవి వంద గ్రాముల తేడా కూడా పట్టే కాటాలు.

మొదటి ఆదివారం దివ్యంగా కుదిరింది. ఒక జోడీ మూడువందల అయిదు కిలోల ఏడువందల గ్రాములు, రెండోది వంద గ్రాములు ఎక్కువ. మొత్తం ఆరువందల పదకొండున్నర కిలోలు. అందులో కారు అయిదువందల నలభై పైచిలుకు, మామగారు డెబ్భై ఒకటి పైచిలుకు. కోడలు నాలుగు నట్ల మీదా తెల్ల రంగుతో గీతలు పెట్టింది. ఇంటి వెనక ఖాళీ వీధిలో ఒక చుట్టు తిప్పి వచ్చిన మామగారి మొహం చూడాలి! "అమ్మాయ్, ఇది నేను తిప్పితే తిరగట్లేదే, నేను అనుకుంటే తిరుగుతోంది" అన్నారు.

కొత్త స్ప్రింగులు కాస్త కుంగుతాయి కాబట్టి వారం వారం మళ్ళీ చూడాలి. రెండో ఆదివారం చూస్తే మొత్తం అంతే ఉంది, ముందు చక్రాల మీద మాత్రం అర కిలో పైగా పెరిగింది. వెనక సరిగ్గా అంతే తగ్గింది. జోడీలు కూడా కొద్దిగా చెదిరాయి. పావు చుట్టు తిప్పి సరిచేసింది. మూడో వారం ముందు ఇంకాస్త పెరిగింది. నాలుగో వారం ఇంకాస్త. అయిదో వారానికి ముందు మూడు కిలోలు ఎక్కువ, వెనక మూడు కిలోలు తక్కువ. కోడలికి ఒళ్ళు మండిపోయింది.

ఎందుకు మండిందంటే, నట్లు తిప్పితే బరువు జోడీల మధ్య మారుతుంది గానీ, వెనకది ముందుకి రాదు. ముందు రెండు చక్రాల మొత్తం మారాలంటే ఏదో ఒక వస్తువు లేచి ముందుకి నడిచి వెళ్ళాలి. బ్యాటరీ కదల్లేదు, పెట్రోలు ట్యాంకు కదల్లేదు, టూల్ బాక్సు కారులో లేనే లేదు.

"కాటాలు చూడాలి మామయ్యా. ఏదో తేడా చేస్తోంది."

ఆ మాటకి మామగారికి ఎక్కడలేని పౌరుషం వచ్చేసింది. "నా కాటాలనంటావా? నన్ను అను, పడతాను. కాటా ఏం చేస్తుంది పాపం, దాని మీద ఏం పెడితే అదే చెబుతుంది. తప్పు ఎప్పుడూ పెట్టినవాడిదే" అంటూ కాటాలని సరిచూసే పరీక్ష రాళ్ళ పెట్టె తెచ్చి, నాలుగు కాటాల మీదా పెట్టి చూపించారు. గ్రాము తేడా లేదు. పెట్టె మూస్తుంటే ఆయన చేతులు సన్నగా వణికాయి. కోపంతో అనుకుంది ఆమె.

ఆ సాయంత్రం ఆమె నోటుబుక్కు ముందేసుకుని తల పట్టుకుని కూర్చుంటే, పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న భర్త ఇటు తొంగిచూశాడు. "ముందూ వెనకా నాకు తెలీదు గానీ, ఈ మొత్తమేంటి?" అన్నాడు.

"ఏమైంది మొత్తానికి? బాగానే ఉందిగా."

"అదే మరి. అయిదు వారాలూ ఆరువందల పదకొండున్నరే. మనిషి గ్లాసు నీళ్ళు తాగితే పావు కిలో పెరుగుతాడు. లోపల నాన్న కూర్చున్నాడా, నాన్న ఫోటోనా? మా పిల్లలెవరైనా ప్రయోగంలో ఇంత చక్కటి అంకెలు రాసుకొస్తే కాపీ కొట్టారని సున్నా వేస్తాను."

ఆమె నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది. లేచి షెడ్డుకి వెళ్ళి ఖాళీ కారుని తూచింది. ముందు మొత్తం, వెనక మొత్తం మొదటి వారం ఖాళీగా తూచినప్పటిలాగే ఉన్నాయి, చెక్కు చెదరకుండా. అంటే కారులో ఏదీ కదల్లేదు. కదిలింది మనిషిలోనే.

అప్పుడు ఒక్కొక్కటీ కళ్ళ ముందుకొచ్చాయి. సీటు బెల్టు బిగించాక మిగిలే పట్టీ కొస మొదట్లో జానెడుండేది, ఇప్పుడు మూరకి దగ్గరగా వేలాడుతోంది. ఆయన నడుం బెల్టుకి కొత్త రంధ్రాలు మూడు ఉన్నాయి, పంచ్ పెట్టి కొట్టినవి, పనివాడి రంధ్రాలు. ఎండాకాలం కాకపోయినా నుదుటన చెమట. చేతుల వణుకు. కానీ భోజనం దగ్గర రెండోసారి మూడోసారి వడ్డించుకుంటున్నారు కదా అని ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. పైగా "చూశావా, ఇన్నాళ్ళకి నా చేతి వంట రుచి తెలిసింది మీ మామయ్యకి" అని అత్తగారు పొంగిపోతోంది. నెలకి పైగా ఆదివారం ఆదివారం షెడ్డుకి ఆ ఎత్తు బూట్లు ఎందుకు వేసుకొస్తున్నారు? కాలి మీద ఏదైనా పడుతుందని అన్నారు. తొమ్మిదేళ్ళు చెప్పులతో పనిచేసిన మనిషి! ఆ రాత్రి ఆమెకి కన్ను మూతపడలేదు.

ఆరో ఆదివారం. మామగారు ఎప్పట్లాగే వచ్చి సీట్లో కూర్చున్నారు. కోడలు కారు కిందికి దూరలేదు. డ్రైవరు సీటు పక్కన నేల మీద గొంతుక్కూర్చుంది.

"బూట్లు విప్పండి మామయ్యా."

"ఎందుకమ్మాయ్?"

"విప్పండి."

"నేల చల్లగా ఉంది."

"మీరు కారులో ఉన్నారు. నేల మీదున్నది నేను."

ఆయన షెడ్డు కప్పు వంక చూశారు, స్టీరింగు వంక చూశారు. చివరికి పిల్లాడిలా ఒక కాలు బయటికి చాపారు. ఆమె లేసులు విప్పి బూటు లాగింది. అది చేతిలోంచి జారి దభీమని పడింది. అడుగున సీసం పలక. పిక్కకి గుడ్డపట్టీ, ఆ పట్టీలో వరసగా కుట్టిన సీసం ముక్కలు. కుట్లు మగవాడి కుట్లు, వంకరటింకరగా ఉన్నాయి. రెండో కాలికీ అంతే. అన్నీ తీసి ఒక కాటా మీద వేసింది. ఆరు కిలోల తొమ్మిదివందలు.

ఒంట్లో కరిగి సీటు మీద తగ్గిన బరువు, ముందు చక్రాల వైపున్న పాదాల దగ్గరికి వెళ్ళింది. అదీ ముందు చక్రాల కథ.

ఆయన కాటా మీది అంకె చూస్తూ నెమ్మదిగా అన్నారు. "తూకపు రాళ్ళు వాడగా వాడగా అరుగుతాయమ్మాయ్. అరిగితే పారేయం. అడుగున చిన్న గుంట ఉంటుంది, అందులో తక్కువైనంత సీసం పోసి సరిచేస్తాం. నేనూ అదే చేశాను. ప్రతి ఆదివారం పొద్దున్నే తూచుకుని, ఎంత తగ్గితే అంత."

"గ్రాములతో సహా."

"తక్కువ తూకం వెయ్యడం నాకు చేతకాదు కదా."

అదీ ఆయన చేసిన పొరపాటు! మామూలు దొంగ ఎవడైనా అయితే ఒక వారం అర కిలో ఎక్కువా ఒక వారం తక్కువా వేసుకుని హాయిగా తప్పించుకునేవాడు. ఈ మహానుభావుడు దొంగతనం కూడా తూనికల ఇన్‌స్పెక్టరు ముద్ర వేసి ఇవ్వగలిగేంత కచ్చితంగా చేశారు.

"ఎందుకిలా చేశారు? నాకెందుకు చెప్పలేదు?" అంది ఆమె.

"చెబితే ఏం చేస్తావు? ఆసుపత్రి అంటావు. మీ అత్తయ్య షెడ్డుకి తాళం వేసి చెవి కొంగున కట్టుకుంటుంది. పైగా అక్కడ ఏం తేలుతుందోనని నాకూ లోపల..." ఆయన స్టీరింగుని ఒకసారి తడిమారు. "తొమ్మిదేళ్ళమ్మాయ్. వచ్చే ఆదివారం ఒక్కసారి నడిపేస్తే, ఆ తర్వాత నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. ఒట్టు. ఒక్క వారం ఎవరికీ చెప్పకు."

ఆమె లేచి నిలబడింది. ఇంతకాలం ఆయన ముందు గొంతు పెంచి ఎరగదు. "మీ ఒట్లు నాకొద్దు! కారుదేముంది, ఇంకోటి కడతాను నేను. మిమ్మల్ని ఎక్కడి గొట్టాలు తెచ్చి కట్టుకోను? రేపు పొద్దున్నే వెళ్తున్నాం. రానంటే ఈ నాలుగు చక్రాలూ ఇప్పుడే ఊడదీసి నా షాపులో పెట్టుకుంటాను." చెప్పినంత పనీ చేసేలాగే స్పానరు అందుకుంది. కళ్ళ నీళ్ళు మాత్రం ఆపుకోలేకపోయింది.

మామగారు బిక్కచచ్చిపోయి చూశారు. ఆ తర్వాత వట్టి కాళ్ళతో కారు దిగి, గ్రీజు గుడ్డ తీసి ఆమె చేతికిచ్చారు. తుడుచుకుంటే మొహమంతా నల్లగా అయింది. "వస్తానులే, ఏడవకు. మీ అత్తయ్య చూస్తే నేనే ఏదో అన్నాననుకుంటుంది" అన్నారు.

డాక్టరమ్మ గొంతు తడిమి చూసి, రక్తపరీక్షలు చేయించి, మూడో రోజు చెప్పింది. గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి పనిచేస్తోందట. తిన్నదంతా అదే కరిగించేస్తోంది. గుండెని కూడా పరుగులు పెట్టిస్తోంది. "మాత్రలకి లొంగుతుంది. ఇంకొన్నాళ్ళు ఊరుకునుంటే గుండె మీదికి వచ్చేది. చెయ్యి వణుకు తగ్గేదాకా స్టీరింగు పట్టుకోకూడదు. నాలుగు నెలలు పట్టచ్చు." బతుకుజీవుడా అనుకుంది కోడలు. మామగారికి మాత్రం నాలుగు నెలలన్న మాటొక్కటే వినిపించింది.

అత్తగారికి ఇంటికొచ్చాక చెప్పారు. ఆవిడ తిట్టలేదు. దానికే అందరికీ భయం వేసింది. సీసం పట్టీలు చేతిలోకి తీసుకుని, ఆ వంకర కుట్లు వేలితో తడుముతూ కూర్చుంది. "పక్కనే పడుకునేదాన్ని, నాకు తెలియలేదు. ఆ షెడ్డులో ఉన్న ఇనప మహాతల్లికి తెలిసింది" అంది చివరికి. పైట చెంగుతో కళ్ళొత్తుకుని వెంటనే మొగుడి మీద విరుచుకుపడింది. "సూదిలో దారం కూడా నేనే ఎక్కించి ఇచ్చాను కదండీ, చొక్కా గుండీ కుట్టుకోవాలంటే! ఎంత అబద్ధం ఆడారు!" హమ్మయ్య, ఇల్లు మళ్ళీ ఇల్లయింది.

ఆ ఆదివారం రన్‌వే మీద వేరేవాళ్ళ కార్లు తిరిగాయి. మామగారు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా మొహం మాడ్చుకుని కూర్చున్నారు. మూడో రోజు షెడ్డులోకి వచ్చి, "నువ్వే నడుపుదువుగానిలే వచ్చేసారి. నీ బరువుకి సరిచేసుకో" అన్నారు.

"చేసుకోను."

"పోనీ నాకున్న ఈ బరువుకైనా సరిచెయ్యి."

కోడలు కారు కిందికి దూరి నాలుగు నట్లనీ ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పి, మొదటి ఆదివారం పెట్టిన తెల్ల గీతల దగ్గర ఆపేసింది. బయటికి వచ్చి చేతులు దులుపుకుంది. "ఈ కారు సరిపోయింది మొదటి వారం నాటి మామయ్యకి. ఆ మామయ్య తిరిగి వచ్చేదాకా నేను దీన్ని ముట్టుకోను. ఎప్పుడూ కారే మనిషికి సరిపోవాలా? ఈసారి మీరే దానికి సరిపోండి."

అప్పటినుంచీ ప్రతి ఆదివారం తూకమే. బూట్లు అటక మీదికి పోయాయి. మామగారు సీట్లో కూర్చోగానే ఎవరూ అడక్కుండానే రెండు పాదాలూ పైకెత్తి, వేళ్ళు ఆడించి, "చూసుకో తల్లీ, ఏమీ లేదు" అనేవారు. ఆరువందల నాలుగు. ఆరువందల అయిదు. ఒక వారం జలుబు చేసి వెనక్కి తగ్గింది, ఇల్లంతా దిగులు పడింది. తొమ్మిదేళ్ళలో గుమ్మం దాటని అత్తగారు షెడ్డు లోపలికి వచ్చి అంకెలు చూడటం మొదలుపెట్టింది. ఆవిడకి జోడీలూ గీడీలూ పట్టవు. మొత్తం ఒక్కటి చెబితే చాలు. పెరిగితే తన వంట గొప్ప, తగ్గితే మాత్రల లోపం.

రెండో పరుగుకి వారముందనగా వచ్చిన ఆదివారం మామగారు కూర్చున్నారు, పాదాలు ఎత్తారు, దించారు. స్టీరింగు మీద చేతులు నిలకడగా ఉన్నాయి. కోడలు నాలుగు కాటాలూ చదివింది. మళ్ళీ చదివింది. ముందు ఎంత ఉండాలో అంత ఉంది. వెనకా అంతే. జోడీల మధ్య తేడా వంద గ్రాములు.

"ఎంతే?" అంది గుమ్మంలోంచి అత్తగారు.

"ఆరువందల పదకొండు కిలోల తొమ్మిదివందలు."

మామగారి మొహం వాడిపోయింది. "నాలుగొందల గ్రాములు ఎక్కువొచ్చిందా? నేనేం పెట్టుకోలేదమ్మాయ్, నిజంగా."

"ఆ నాలుగొందలూ నావి. నిన్న రాత్రి వద్దంటున్నా వడ్డించాను. ఉండనివ్వండి" అంది అత్తగారు. లోపలికి వచ్చి, అలవాటు లేని చేత్తో కారు మూతి మీద ఒకసారి నిమిరింది.

కోడలు స్పానరుని గుడ్డతో తుడిచి మేకుకి తగిలించింది. ఆ రోజు ఆమె ఏ నట్టునీ పావు చుట్టు కూడా తిప్పలేదు.